పది ఎలుకల వీరగాథ

మా మేనల్లుడు బెంగళూరులో ఏడాదంతా కంప్యూటరు ముందు కూర్చుంటాడు. మామిడికాయల కాలానికి పూతలపట్టు వచ్చి ఇక్కడా కంప్యూటరు ముందే కూర్చుంటాడు. అదేమంటే ఇంటి నుంచి పని అంటాడు. ఈసారి మాత్రం ఒక సాయంత్రం ఆ పెట్టె మూసేసి, సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసి అరుగు మీద కుమ్మరించాడు. చూస్తే పాచికలు. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, పన్నెండు ముఖాలవి, అన్నిటికీ పెద్దన్నలాగా ఇరవై ముఖాలది ఒకటి. మా అక్క గుండెల మీద చెయ్యేసుకుంది. పాచికలాడి ఆలినీ ఆస్తినీ ఒడ్డి అడవులు పట్టిన ఇంటి సంగతి మా చిత్తూరు జిల్లాలో ఉయ్యాల్లోని బిడ్డకి కూడా తెలుసు.

"జూదం కాదు లేమ్మా, కథ" అన్నాడు వాడు.

ఎట్లా ఆడాలో చెప్పాడు. నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, వాడు గేమ్ మాస్టర్. తక్కినవాళ్ళకి తలా ఒక వేషం. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అయిందో కాలేదో పాచిక చెబుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో దీన్ని పుస్తకాలుగా అచ్చు వేశారు. యాభై ఏళ్ళు దాటినా జనం ఆడుతూనే ఉన్నారు.

పక్కింటి తాత అరుగు చివర చెనక్కాయలు ఒలుస్తూ ఇదంతా వింటున్నాడు. వయసులో ఉన్నప్పుడు భారతంలో భీముడి వేషం కట్టిన మనిషి. "కత చెప్పేది, ఏసం కట్టేది, తెల్లార్లూ మేలుకోనుండేది. ఇవన్నీ డెబ్బై నాలుగులో కనిపెట్నారా? మరి అంతకు ముందు మా నాయన చేసిందేందిరా?" అన్నాడు.

మా వాడు నవ్వేసి ఆట మొదలెట్టాడు. అసలు కథ ఏమంటే, ఉత్తరాన కొండల్లో ఒక మాంత్రికుడు నిద్ర లేస్తాడు, లోకం నాశనమవుతుంది. బాగానే ఉంది. కానీ ఆ లోపల వీరులు లెవెల్ పెంచుకోవాలట. అందుకని ఊళ్ళో అడుగు పెట్టగానే ఒక సైడ్ క్వెస్ట్. మన మాటలో పక్కపని. సత్రం యజమాని చేతులు నలుపుకుంటూ వచ్చి అంటాడు: "వీరులారా! మా నేలమాళిగలో పది పెద్ద ఎలుకలున్నాయి. చంపిపెడితే పది బంగారు నాణేలిస్తాను."

"ఎలకబోను లేదా ఆ ఊర్లో?" అన్నాడు తాత.

మా వాడికి జవాబు తోచలేదు. ఇన్నేళ్ళుగా ఎలుకల పని అప్పగిస్తున్న ఏ గేమ్ మాస్టరుకీ తోచి ఉండదు.

ఎలుకకి ఒక బంగారు నాణెం. ఆ ధర పలికే ఊళ్ళో వ్యవసాయం ఎవడు చేస్తాడు? ఊరంతా ఎలుకలే పెంచుకుంటుంది. పది నాణేలు పారేయగల సత్రంవాడు ఒక పిల్లిని పెంచుకోలేడా అంటే, పిల్లి ఉంది. కానీ అది తప్పిపోయింది. తప్పిపోయిన పిల్లిని వెతికి తేవడం రెండో పక్కపని. మూడోది, ఈ ఉత్తరం పొరుగూరి కమ్మరికి అందజేయడం. కత్తులు, మంత్రాలు, ఎగిరే గుర్రాలు ఉన్న రాజ్యంలో పోస్టుమాన్ మాత్రం లేడు. నాలుగోది, అడవిలో పది మూలికలు ఏరుకు రావడం. ఎప్పుడూ పదే. తొమ్మిదింటికి తగ్గే జబ్బు ఆ లోకంలో ఎవరికీ రాదు. అయిదోది, ఒక ముసలాయన్ని కొండ దాటించడం. ఆయన మీరు నడిస్తే వెనకబడతాడు, పరిగెత్తితే అలుగుతాడు, తోడేళ్ళు కనబడితే మాత్రం అందరికన్నా ముందు పోయి వాటి నోట్లో తల పెడతాడు.

ఇవి చాలక, పక్కపనుల పట్టికలని అచ్చువేసి అమ్ముతున్నారు. పాచిక వేసి ముప్పై ఏడు పడితే ముప్పై ఏడో వరుస చదవడమే: 'బావిలో భూతం'. ఎవరి బావి? ఎవరిదీ కాదు. ఆ నీళ్ళు ఎవరు తాగుతారు? ఎవరూ తాగరు. భూతానికైనా ఎవరి మీదైనా కోపం ఉందా? లేదు, పాపం, దానికీ పట్టికలో పడిందే పని.

కత్తులు దూసుకున్న నలుగురు కొత్త మొహాలు ఊళ్ళోకి వస్తే, పేరైనా అడక్కుండా నేలమాళిగ తాళాలు చేతిలో పెట్టే ఊరు భూమండలం మీద ఎక్కడుంది? ఆ వీరుల్ని ఒకసారి పూతలపట్టులో దిగమనండి. పీలేరు వైపు నుంచి వచ్చే రోడ్డు, తిరుపతి నుంచి వచ్చే రోడ్డు ఇక్కడ కలిసి చిత్తూరు దారి పడతాయి, కొత్త మొహాలకి కొదవ లేదు. అయినా టీ అంగడి ముందు నిలబడితే చాలు, మొదలవుతుంది. ఏ ఊరబ్బా? ఎవురి పిల్లోడివి? మీ నాయన ఏం చేస్తాడు? అమ్మ తట్టు యాడ? అట్లయితే పాకాల కాడ ఫలానా ఆయన నీకేమవుతాడు? అడగని ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని అడక్కుండానే జవాబు రాబట్టే విద్యలో మావాళ్ళకి ఇరవై ముఖాల పాచికలో ఎప్పుడూ ఇరవయ్యే పడుతుంది.

పోనీ ఇవన్నీ దాటారనుకుందాం. అప్పుడైనా ఎవరన్నా పని చెబుతారా? చెప్పరు. కంప్యూటరు ఆటల్లో పని ఉన్నవాడి నెత్తిన ఆశ్చర్యార్థకం వెలుగుతుంటుంది. మా వైపు నెత్తిన తలగుడ్డ తప్ప ఏమీ ఉండదు. అవసరం ఉన్నవాడు ముందు కాఫీ ఇస్తాడు. వానల సంగతి మాట్లాడతాడు. మీ అమ్మాయి పెళ్ళి గురించి అడుగుతాడు. మీరు లేచి, చెప్పులేసుకుని, గడప దాటాక వెనక నుంచి "అన్నట్టు..." అంటాడు. ఆ 'అన్నట్టు' కోసమే ఇంతసేపూ కాఫీ. మా జిల్లాలో అసలు సంగతి ఎప్పుడూ గడప అవతలే వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్లే ఆ సత్రం యజమాని పుట్టాడు.

ఆ గైగాక్స్ మాత్రం కొంత తెలిసినవాడే. 1979లో ఆయన రాసిన 'ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' అనే సాహస కథలో పుకార్ల పట్టిక ఒకటి పెట్టాడు. వీరులు విన్న పుకారు నిజమైనా కావచ్చు, శుద్ధ అబద్ధమైనా కావచ్చు. మా టీ అంగడిని చూడకుండా అంత దూరం ఊహించినందుకు ఆయనకి దండం పెట్టాలి. శిష్యులే ఆ అబద్ధాలు తీసేసి ఎలుకల్ని ఉంచుకున్నారు.

అయినా మా వాడిని అని ఏం లాభం? ఈ దేశంలో పుట్టి పెరిగినవాడు పక్కపని అంటే ఇట్లాగే ఉంటుందని ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. ఆ మధ్య ఒక కాగితం కోసం ఒక ఆఫీసుకి పోయాను. ఏ ఆఫీసని అడక్కండి. ముందు దరఖాస్తు తెమ్మన్నారు. దరఖాస్తుకి జిరాక్సు కావాలి. జిరాక్సు మీద సంతకం కావాలి. సంతకం పెట్టే ఆయన క్యాంపుకి పోయాడు. ఆయన వచ్చిన రోజు సర్వర్ రాలేదు. సర్వర్ వచ్చిన రోజు నా వేలిముద్ర దానికి నచ్చలేదు. పొలం పనుల్లో వేళ్ళు అరిగిపోయాయి సార్ అంటే, అరగని వేలు తెమ్మన్నట్టు చూశారు. ఎలుకలు అక్కడా ఉన్నాయి, పాత దస్త్రాలు తిని బలిశాయి. నా దరఖాస్తుని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చూసింది బహుశా అవే.

నెల తిరిగినా అందులో కథ పుట్టలేదు. ఆరు గదులు, ఆరు కుర్చీలు, నా పని అయినా కాకపోయినా ఆ ఆరుగురిలో ఎవరికీ పోయేదేమీ లేదు. నాకు తప్ప అందరికీ అది పక్కపని. ఆ సత్రం నేలమాళిగలో ఉన్న శని కూడా ఇదే. ఎలుకలు చచ్చినా బతికినా సత్రంవాడికి రేపు పొద్దున ఏ తేడా లేదు.

తేడా ఉంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఎండాకాలంలో మా వైపు రావాలి. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో భారతం పెడతారు, చాలా చోట్ల 18 రోజులు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, ఆఖర్న నేల మీద పడుకోబెట్టిన కొండంత మట్టి దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడం, నిప్పుల గుండం తొక్కడం. ఇన్ని రోజుల్లో అసలు కథ ఎంత? అన్నదమ్ముల ఆస్తి తగాదా. మా మండలంలో ఏ ఇంట్లో అడిగినా అంతకన్నా పెద్ద తగాదా చెబుతారు. జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టేవి పక్కకథలే. అర్జునుడు అస్త్రం కోసం తపస్సుకి పోవడం పక్కపని కాక మరేమిటి? ఆ పక్కపని కోసం ఊరి నడుమ ఆకాశానికి తపసుమాను నిలబెడతారు. వేషగాడు పద్యాలు పాడుతూ దాన్నెక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో నేల మీద పడి ఉంటారు. అర్జునుడికి అస్త్రం కావాలి, వాళ్ళకి బిడ్డ కావాలి. ఆ మాను కింద నిలబడి ఇందులో ఎవరిది సైడ్ క్వెస్టో మా వాడిని చెప్పమనండి.

బకాసురుడి కథ తీసుకోండి. లక్క ఇంట్లోంచి బయటపడి పాండవులు ఏకచక్రపురంలో దాక్కున్నారు. బకుడికీ వాళ్ళ ఆస్తి తగాదాకీ ఏ సంబంధమూ లేదు. ఒకనాడు గోడ అవతల ఏడుపు వినబడుతుంది. రాక్షసుడికి మనిషిని పంపే వంతు ఇవాళ ఇల్లిచ్చిన బ్రాహ్మణుడిది. నేను పోతానని తండ్రి, కాదు నేనని తల్లి, మీరిద్దరూ ఉండాలి నేను పోతానని కూతురు. మాటలింకా సరిగా రాని పిల్లవాడు గడ్డిపరక పట్టుకొచ్చి దీంతో వాణ్ణి చంపేస్తానంటాడు. ఎవరూ వచ్చి కుంతిని అడగలేదు. ఆమె వింది. విన్నాక ఊరుకోలేకపోయింది. పైగా భీముడు గెలిస్తే వీళ్ళెవరో బయటపడతారు, ఓడితే భీముడే పోతాడు. ఇటు చూసినా నష్టమే, అటు చూసినా నష్టమే. అందుకే ఎవరికీ చెప్పొద్దని ఆ ఇంటాయన దగ్గర మాట తీసుకుని మరీ కొడుకుని పంపింది. బహుమానమా? బండెడు అన్నం. అదీ భీముడే తినేశాడు.

"ఆ పొద్దు బండి మీద నన్ను ఊరంతా తిప్పేవోళ్ళు" అన్నాడు తాత. "ప్రతి ఇంటోళ్ళూ అన్నం తెచ్చి పెట్టేవోళ్ళు. ఎవురు పెట్టింది వొద్దన్నా కోపమే. రాక్షసుణ్ణి కొట్టేది ఎంతసేపురా, ఆ తిండి తినేదే కష్టం."

ఇంకొకటి చెబుతాను. పాచికల పట్టికల పుస్తకాలన్నీ పక్కన పెట్టి మా వాడు ఇదొక్కటి పది సార్లు చదివితే చాలు. తెలుగు భారతంలో ఎఱ్ఱన పూర్తి చేసిన అరణ్యపర్వం చివర యక్షప్రశ్నలు వస్తాయి. మొదలు చూస్తే ఎలుకలే నయమనిపిస్తుంది. ఒక బ్రాహ్మణుడి అరణి, నిప్పు పుట్టించే కొయ్య, లేడి కొమ్ముల్లో చిక్కుకుని పోయింది. తెచ్చిపెట్టండి. అంతే. లోకాలు గెలిచిన అయిదుగురు కొయ్యముక్క కోసం లేడి వెంట పడ్డారు. లేడి దొరకలేదు, దాహం వేసింది. నీళ్ళకి పోయినవాడు పోయినట్టే పడిపోయాడు. బాణం పనిచెయ్యలేదు, గద పనిచెయ్యలేదు. చివరికి మిగిలింది ఎవరు? కొట్లాటకి అందరికన్నా పనికిరానివాడు, పాచికలాడి కొంప ముంచినవాడు. వాడి దగ్గర మాట తప్ప ఏమీ లేదు, అక్కడ కావలసింది కూడా మాటే. జవాబులన్నీ చెప్పాక, ఒక తమ్ముణ్ణి బతికిస్తాను కోరుకో అని యక్షుడంటే, రేపు యుద్ధం పెట్టుకుని భీముణ్ణి అడగలేదు, అర్జునుణ్ణి అడగలేదు. తన తల్లికి తానున్నాడు, మాద్రికీ ఒక కొడుకు ఉండాలని నకులుణ్ణి అడిగాడు. అది విన్నాకే నలుగురూ లేచారు. అరణి దొరికింది. రాబోయే అజ్ఞాతవాసంలో ఎవరూ గుర్తుపట్టకుండా ఉండే వరమూ దొరికింది. కొయ్యముక్కతో మొదలై అసలు కథ తాళంచెవి దగ్గర తేలింది.

ఎలుకల గేమ్ మాస్టరు చేతిలో పడి ఉంటే అక్కడ ఏం జరిగేది? లేడిని చంపండి, కొయ్య తీసుకోండి, అయిదు నాణేలు.

పోట్లాట లేకపోతే పక్కపని ఎట్లా అని గొణుగుతారు కొందరు. పక్క ఇరాల మండలంలో కాణిపాకం ఉంది. వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చెయ్యడానికి హడలిపోతారు. మా నాయకులు ఒకరినొకరు "కాణిపాకంలో ప్రమాణానికి వస్తావా?" అని సవాలు చేసుకుంటారు. సవాలు చేసినంత జోరుగా బండెక్కినవాళ్ళు ఎందరో నన్ను అడక్కండి. ఆ గుడి పక్క బాహుదా నదికి ఒక కథ చెబుతారు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. లిఖితుడు ఆకలేసి, అడక్కుండా తోటలో మామిడిపండు తిన్నాడు. అన్న చూసి, ఇది దొంగతనం, పోయి రాజుకి చెప్పుకో అన్నాడు. పోయి చెప్పుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. తర్వాత ఆ నీళ్ళలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా. రాక్షసుడు లేడు, నిధి లేదు. ఒక మామిడిపండు, ఒక అన్న. మామిడితోటల జిల్లాలో ఈ కథ విన్న పిల్లవాడు జన్మలో పక్క తోటకాయ ముట్టడు అని రాయాలని ఉంది కానీ, కాణిపాకం దగ్గరే ఉంది, అబద్ధం రాయలేను.

మామిడి అంటే గుర్తొచ్చింది. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయింది. రైతుకి కిలోకి 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేట్టు ప్రకటించారు. పక్క రాష్ట్రం కాయ రాకుండా జిల్లా సరిహద్దులో ఆపితే కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఇవతల గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కాయ మాగుతూ ఉంటుంది, బారు కదలదు, టోకెను ఇచ్చేవాడు కనబడడు. రెండు రాష్ట్రాల మధ్య లేఖలు, గేటు ముందు కునికిపాట్లు పడే ముసలి రైతు, వెనక బండిలో గడియారంలాగా మెత్తబడుతున్న కాయ. ఇంతటి కథ ఇంటి ముందు రోడ్డు మీద హారన్లు కొడుతుంటే, మా వాడు తలుపేసుకుని ఎలుకల్ని లెక్కపెడుతున్నాడు!

ఈ మాటే వాడి మొహాన అన్నాను. రోషం వచ్చింది. మర్నాడు రాత్రి కొత్త పక్కపనితో వచ్చాడు. ఆ రాజ్యంలో ఒక పళ్ళరసం గానుగ. దాని ముందు ఎడ్లబండ్ల బారు. బారు చివర ఒక ముసలాయన. రెండు రోజుల్లో పళ్ళు కుళ్ళిపోతాయి. సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే ఉత్తరాన మాంత్రికుడు లేస్తాడు.

మా పెదనాన్న మనవడు కత్తివీరుడు. గానుగ యజమానిని పొడిచేస్తానన్నాడు. పాచికలో పద్దెనిమిది పడింది, పొడిచాడు. అప్పుడు గానుగ తిప్పేవాడు లేక బారు మొత్తం ఆగిపోయింది, బండ్లవాళ్ళు వీణ్ణే తరుముకున్నారు. దొంగ వేషం కట్టినవాడు టోకెను కొట్టుకొచ్చాడు. చూస్తే అది ఇంకో రైతుది. మంత్రగాడిని నేనే. పళ్ళు మాగకుండా మంత్రం వేశాను, గంటసేపు పనిచేసింది. నా జీవితంలో నేను చేసిన అన్ని సాయాల్లాగే.

"నువ్వేం చేస్తావు తాతా?" అన్నాడు మా వాడు.

"నేనేం చేసేదుండాది? ఆ ముసిలాయన పొద్దున్నించీ తిన్నట్టు లేదు. సంగటి తినేసి రమ్మను. వచ్చేదాకా ఎద్దుల్ని నేను చూసుకుంటా."

పాచిక వెయ్యడానికి ఏమీ లేక మా వాడు చేతిలోని దాన్ని అట్లాగే పట్టుకున్నాడు.

"తాతా, అవతల మాంత్రికుడు లేస్తా ఉన్నాడు. లోకం పోతుంది."

"లేస్తే మొహం కడుక్కోని రానీలేరా. కాయ అంతసేపు ఉండదు."

అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వులో వాడి చెయ్యి తగిలి ఇరవై ముఖాల పాచిక అరుగు మీద నుంచి దొర్లింది. సెల్‌ఫోన్ల దీపాలు పట్టుకుని వెతికితే, మెట్టు పక్కన కన్నంలోకి పోయిన జాడ కనబడింది. అది ఎలుక బొరియ. మా అక్క లోపలి నుంచే, "పొద్దున పోయి ఎవురింట్లోనన్నా బోను అడిగి తీసుకురా పోరా" అని అరిచింది.

పొద్దున్నే పోయాడు. రెండిళ్ళ అవతల అవ్వ దగ్గర బోను ఉందన్నారు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మూడు గంటలకి ఫోన్ చేస్తే, "వస్తా ఉండా మామా, అవ్వ కాఫీ ఇచ్చింది, లేచి గడప దాటినా, అప్పుడు అన్నట్టు అనింది" అన్నాడు. కువైట్‌లో ఉన్న కొడుకు మొహం ఫోన్‌లో కనబడ్డం లేదట. దాన్ని బాగు చెయ్యాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ పోయే నంబరు చిత్తూరులో ఉండే కోడలిది. కోడలికి ఫోన్ చేద్దామంటే అత్తాకోడళ్ళకి మాటల్లేవు. నడుమ వీడు.

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. చేతుల్లో నీలం మామిడికాయలు, మొహాన చెప్పలేని అలసట, దాని కింద ఎన్నడూ చూడని ఒక వెలుగు. కొడుకు మొహం కనబడిందట. కోడలు కూడా ఒక నిమిషం మాట్లాడిందట.

"బోనేదిరా?" అంది మా అక్క.

"ఇవ్వలేదమ్మా. అవ్వకే కావాలంట. వాళ్ళింట్లో ఎలుకలుండాయంట."

"ఎన్ని?" అన్నాను నేను.

వాడు కాయలు కింద పెట్టి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"పదన్నా ఉంటాయంట మామా."